రౌటర్ కొనే ముందు వైరు చూడండి: ఇంటికి, కొట్టుకి, రొయ్యల గుంటలకి ఏది పనికొస్తుంది

"అన్నా, మంచి రౌటర్ ఒకటి చెప్పు, రేటు సంగతి తర్వాత." నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఇట్టానే మొదలవుతాయి. ఇప్పుడున్నదానికి ఏమైందబ్బా అని అడిగితే "ఏమో అన్నా, నెట్ సరిగ్గా రావట్లా" అంటారు. అంతే, అంతకుమించి ఏం తెలియదు. ఏం తెలియకుండానే ఆన్‌లైన్లో నాలుగు యాంటెనాలది కావాలా ఆరు యాంటెనాలది కావాలా అని చూస్తుంటారు.

నెల్లూరు పొగతోటలో ఒక ల్యాబ్ వాళ్ళు 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని స్పీడ్ టెస్ట్ పెడితే ఎప్పుడూ 94 దగ్గరే ఆగుతోందని తొమ్మిది వేలు పోసి కొత్త రౌటర్ తెచ్చారు. కొత్తదానిలోనూ 94. ఇంకోటి తెద్దామని నాకు ఫోన్ చేశారు. ఈ 94 అనే అంకెని గుర్తుపెట్టుకోండి, 93, 94, 95 మధ్యలో ఏ టైముకి చూసినా కదలకుండా నిలబడిందంటే మీ దారిలో ఎక్కడో ఒక వైరో పోర్టో 100 ఎంబీపీఎస్ దగ్గర ఇరుక్కుపోయిందని అర్థం. రౌటర్‌నీ కంప్యూటర్‌నీ కలిపే లాన్ కేబుల్లో నాలుగు జతల తీగలుంటాయి, గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, నాలుగూ కావాలి, 100కి రెండు జతలు చాలు. ఆ ల్యాబ్‌లో కేబుల్ వేసినవాడు రెండు జతలే కనెక్టర్లో బిగించి మిగతావి కత్తిరించి వదిలేశాడు. రెండు కనెక్టర్లు, పది నిమిషాల పని. తొమ్మిది వేల రౌటర్ ఇప్పటికీ అక్కడ గోడకి అందంగా ఉంది.

అందుకే ఏది కొనాలో చెప్పే ముందు ఏది చూసుకోవాలో చెప్తాను.

కొనే ముందు పది నిమిషాలు

ముందు నెట్ వాళ్ళిచ్చిన ఫైబర్ బాక్స్ లైట్లు చూడండి. లాస్ (LOS) అని రాసున్న చోట ఎర్ర లైటు వెలిగిందంటే ఫైబర్లో వెలుతురు రావట్లేదు, ఎక్కడో తెగింది లేదా బాగా వంగింది, మీరు లక్ష రూపాయల రౌటర్ పెట్టినా అది ఆరదు, నెట్ వాళ్ళకే ఫోన్ చేయాలి. లైటు ఎర్రగా లేకపోయినా నెట్ వస్తూ పోతూ ఉంటే ఆ బాక్స్ సెట్టింగ్స్ పేజీలో ఆప్టికల్ పవర్ అని ఒక అంకె ఉంటుంది, మైనస్ గుర్తుతో. మామూలుగా మన ఇళ్ళకి వచ్చే జీపాన్ రకం ఫైబర్ లైన్‌లో బాక్స్ మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం (వెలుతురు బలానికి కొలత) మధ్య పట్టుకోగలదు. మైనస్ 20 చుట్టూ ఉంటే దిగులు లేదు. మైనస్ 26, 27 ఉంటే అంచు మీద నిలబడినట్టే, జాయింట్ బాక్సులోకి నాలుగు చినుకులు పడితే చాలు, ఆగిపోతుంది. ఆ అంకెని ఫోటో తీసి లైన్‌మ్యాన్‌కి వాట్సాప్‌లో పంపండి, "నెట్ రావట్లేదు సార్" అనే మాటకంటే ఆ ఫోటోకి పని త్వరగా అవుతుంది, ఇది నా అనుభవం.

తర్వాత ల్యాప్‌టాప్‌ని వైరుతో నేరుగా ఆ బాక్స్‌కి పెట్టి స్పీడ్ చూడండి. వైరు మీద బాగుండి ఫోన్లో బాగాలేదంటే గొడవ వైఫైది. వైరు మీద కూడా బాగాలేదంటే వైఫై ఎంత మార్చినా దండగ.

నెట్ అసలే రాకపోతే పింగ్ చేసి చూడటం, అంటే ఒక అడ్రస్‌ని పలకరించి జవాబు వస్తుందో లేదో చూడటం, నేర్చుకోండి, పెద్ద విద్యేం కాదు. ముందు రౌటర్ అడ్రస్‌కి, అంటే 192.168.1.1 లాంటిదానికి చేయండి. జవాబు వస్తే రౌటర్ దాకా దారి బాగుంది. తర్వాత గూగుల్ వాళ్ళ 8.8.8.8కి. అది కూడా వస్తే మీకు నెట్ ఉంది. అయినా వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదంటే వెబ్‌సైట్ పేరుని అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ పనిచేయట్లేదు, రౌటర్లో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ రాస్తే తీరుతుంది, రూపాయి ఖర్చు లేదు. ఇక మీ కంప్యూటర్ ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రస్, 169.254తో మొదలైతే దానికి అడ్రస్ ఇచ్చేవాళ్ళు ఎవరూ దొరకలేదని, అంటే వైరు ఊడిందో రౌటర్ అడ్రసులు ఇవ్వడం మానేసిందో చూడాలి. ఒకే ఆఫీసులో కొందరికి 192.168.1 వరసలో, కొందరికి 192.168.0 వరసలో అడ్రసులు వస్తున్నాయంటే మాత్రం ఎవరో ఇంట్లో మూలనున్న పాత రౌటర్ తెచ్చి నెట్‌వర్క్ స్విచ్‌కి, అంటే కేబుళ్ళన్నీ కలిపే పెట్టెకి, తగిలించారు. అదెవరో ఎవరూ ఒప్పుకోరు. మీరే వెతకాలి.

నెట్ వాళ్ళిచ్చిన బాక్స్ చాలా, సొంత రౌటర్ కావాలా

రెండు గదుల ఇల్లు, 100 లోపు ప్లాన్, ఆరేడు ఫోన్లు, ఒక టీవీ. వాళ్ళిచ్చిన బాక్స్‌లో 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉంటే అదే చాలు, ఇంకోటి కొనొద్దు. 2.4 ఒక్కటే ఉన్న పాత బాక్స్ అయితే మార్చండి, ఎందుకంటే స్టోన్‌హౌస్‌పేట లాంటి ఇరుకు వీధుల్లో పక్కింటి వైఫైలన్నీ 2.4లోనే కొట్టుకుంటుంటాయి, దానిలో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్ళు 1, 6, 11 మూడే. చాలామందికి ఆటోలో పెట్టి వదిలేయడమే తెలుసు. ఫోన్లో ఏదైనా వైఫై ఎనలైజర్ యాప్ వేసుకుని ఆ మూడిట్లో ఖాళీగా ఉన్నదానికి మార్చి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించి చూడండి, ఒక్కోసారి అదే సరిపోతుంది.

సొంత రౌటర్ పెడితే ఒక చిక్కుంది. వాళ్ళ బాక్స్ కూడా రౌటర్‌లాగే పనిచేస్తుంటుంది, మీది దాని వెనక ఇంకో రౌటర్. రెండుసార్లు అడ్రస్ మారిపోతుంది, కెమెరాలు బయటినుంచి చూడటం, కొన్ని ఆటలు ఇట్టాంటివి దెబ్బతింటాయి. దారులు రెండు: వాళ్ళ బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించి, అంటే అది రౌటర్ పని మానేసి నెట్‌ని దాటించేట్టు చేసి, నెట్ కనెక్షన్‌కి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ మీ రౌటర్లో ఇవ్వడం, లేదంటే మీ రౌటర్‌నే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చి వైఫైకి మాత్రమే వాడటం. ఇంటికైతే నేను రెండోదే చెప్తాను. గొడవొచ్చినప్పుడు "మీ రౌటర్ తీసేసి చూడండి సార్" అని వాళ్ళు తప్పించుకోలేరు. కొట్టులో సర్వర్ ఉందంటే మొదటిది.

ఒక్క మాట, పిన్నుతో రీసెట్ బటన్ నొక్కే ముందు ఆలోచించండి. కావలిలో మా పిన్ని కొడుకు ఆదివారం సాయంత్రం వైఫై పాస్‌వర్డ్ మర్చిపోయి రీసెట్ కొట్టాడు. పాస్‌వర్డ్‌తో పాటు పీపీపీఓఈ యూజర్‌నేమ్, నెట్ వాళ్ళ లైన్‌కి పెట్టే వీలాన్ నంబరు అన్నీ పోయాయి, అవేంటో వాడికి తెలియదు, సోమవారం పండగ సెలవు. మంగళవారం దాకా ఇంటిల్లిపాది వాడిని తిట్టుకుంటూ మొబైల్ డేటా మీద బతికారు. ఆ రెండు మూడు అంకెలు ముందే అడిగి తీసుకుని కాగితం మీద రాసి బాక్స్ వెనక అతికించండి.

మిద్దె మీదకి సిగ్నల్ రావట్లేదు: రిపీటర్, మెష్, వైరు

దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, దాచుకోను. రిపీటర్ కొనొద్దు. అది విన్నదాన్నే మళ్ళీ అరిచి చెప్పే మనిషి, ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చేస్తుంది కాబట్టి స్పీడ్ సగానికి పడిపోతుంది. పైగా జనం దాన్ని సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. రాని చోట పెడితే దానికి మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? ఫోన్లో గీతలు నిండుగా కనిపిస్తాయి, పేజీ తెరుచుకోదు.

మెష్, అంటే ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు మూడు బాక్సుల సెట్టు, దానికంటే మేలే, ముఖ్యంగా బాక్సుల మధ్య మాట్లాడుకోవడానికి విడిగా ఒక రేడియో ఉన్నవి. అద్దె ఇల్లు, ఓనరు గోడకి మేకు కొడితేనే ఒప్పుకోడు, అట్టాంటి చోట మెష్ తీసుకోండి, తప్పులేదు. కానీ మన ఇళ్ళలో అంతస్తుకి అంతస్తుకి మధ్య ఇనుము నిండిన స్లాబు ఉంటుంది, 5 గిగాహెర్ట్జ్ దాన్ని దాటడానికి నానా తంటాలు పడుతుంది. పాతకాలం సున్నపు గోడల ఇళ్ళయితే ఇంకా కష్టం. అందుకని మెష్ బాక్సులు మెట్ల దారిలో ఒకదానికొకటి కనిపించేట్టు పెట్టుకోవాలి, బీరువా వెనకా టీవీ వెనకా కాదు.

సొంత ఇల్లయితే మాత్రం ఒక రంధ్రం, ఒక కేబుల్, పైన ఒక యాక్సెస్ పాయింట్. అంతే. పాత రౌటర్ ఉంటే దాన్నే యాక్సెస్ పాయింట్‌గా మార్చుకోవచ్చు: దానిలో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపేసి, దాని అడ్రస్‌ని మెయిన్ రౌటర్‌ది కాకుండా అదే వరసలో ఇంకోటి ఇచ్చి, వైరుని బయటి నెట్ వచ్చే వాన్ పోర్టుకి కాకుండా లోపలివాటికి పెట్టే లాన్ పోర్టుకి పెట్టాలి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే ఇవ్వండి, ఛానెళ్ళు మాత్రం వేర్వేరుగా. ఫోన్ తనంతట తానే మారుతుంది, కొంచెం బద్ధకంగా మారుతుంది కానీ మారుతుంది.

కేబుల్ దగ్గరే మోసం జరిగేది. షాపులో అడిగితే "క్యాట్ 6 అన్నా, ఒరిజినల్" అంటారు, లోపల తీగ అల్యూమినియం, పైన రాగి పూత. బ్లేడుతో తీగని గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే వద్దని తిరిగిచ్చేయండి. పెట్టె ఎత్తి చూసినా తెలుస్తుంది, రాగిది బరువుగా ఉంటుంది. మామూలు ఇంటి నెట్‌కి అది కొన్నాళ్ళు నెట్టుకొస్తుంది గానీ అదే కేబుల్ మీద కెమెరాకి కరెంటు కూడా పంపితే వోల్టేజి దారిలోనే పడిపోయి రాత్రి చీకట్లో చూడటానికి ఉండే ఐఆర్ లైట్లు వెలగగానే కెమెరా రీస్టార్ట్ అవుతుంది. కెమెరా పాడైందనుకుని కెమెరా మారుస్తారు. నిజానికి ఇంటి లోపల గిగాబిట్‌కి రాగి క్యాట్ 5ఈ చాలు, పేరు పెద్దదని నకిలీ క్యాట్ 6 కొనేకంటే అది వెయ్యి రెట్లు నయం.

కొట్టుకి, ఆఫీసుకి: మైక్రోటిక్, ఈఆర్605 లాంటివి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ

పది కంప్యూటర్లు, రెండు నెట్ కనెక్షన్లు, బిల్లింగ్ ఒక్క గంట ఆగినా జనం తిట్టే చోట ఇంటి రౌటర్ నిలవదు. ఇక్కడ మూడు దారులు కనిపిస్తాయి.

మైక్రోటిక్ అనే రౌటర్ లాత్వియా వాళ్ళది. ఆ ధరలో అన్ని పనులు చేసే పెట్టె ఇంకోటి నేను చూడలేదు, చిన్న హెక్స్ మోడల్లో కూడా పెద్ద కంపెనీల రౌటర్లు చేసే పనులన్నీ దాదాపు ఉంటాయి. చిక్కేమిటంటే అది మిమ్మల్ని ఏదీ అడగదు, మీరు చెప్పింది చేస్తుంది, తప్పు చెప్పినా చేస్తుంది. ఫైర్‌వాల్లో, అంటే ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే నియమాల్లో, ఒక్క లైను పైకి కిందకి జరిగితే మీరే లోపలికి పోలేరు. 2018లో దాని సెట్టింగ్స్ మార్చే విన్‌బాక్స్‌లో ఒక లోపం బయటపడి పాస్‌వర్డులు లాగేశారు, కంపెనీ వెంటనే సరిచేసింది గానీ అప్‌డేట్ చేసేవాడు లేక ప్రపంచంలో చాలా పెట్టెలు అట్టానే ఉండిపోయాయి. పెట్టి మర్చిపోయే వస్తువు కాదు. పెడితే ముందు చేయాల్సింది బయట నెట్ వైపు నుంచి విన్‌బాక్స్, వెబ్ పేజీ మూసేయడం, తర్వాత అప్‌డేట్, ఆ తర్వాతే మిగతా హంగులు.

టీపీ-లింక్ ఈఆర్605 లాంటి ఆఫీసు రౌటర్లు దీనంత లోతు కాదు. కానీ రెండు కనెక్షన్లు పెట్టడం, ఒకటి ఆగితే ఇంకోదానికి మారడం, వీపీఎన్ (బయటినుంచి భద్రంగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి), ఇవన్నీ బ్రౌజర్ పేజీలో టిక్కులు పెడితే అయిపోతాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఇంకో దారి, రౌటర్లో ఎక్కించే ఉచిత సాఫ్ట్‌వేర్, పాత రౌటర్‌కి కొత్త ప్రాణం పోస్తుంది, నాకు చాలా ఇష్టం, మా ఇంట్లో అదే ఉంది. కానీ కొత్త వెర్షన్లకి 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉంటే మంచిదంటారు, మన చేతిలో ఉండే చవక రౌటర్లలో అంత ఉండదు. మోడల్ ఒకటే అయినా వెర్షన్ నంబరు మారితే లోపలి చిప్ మారిపోతుంది, స్టిక్కర్ చూడకుండా ఎక్కిస్తే పెట్టె ఇటుకరాయే. కొట్టులో పెట్టొద్దు.

నేనైతే ఒక్క ప్రశ్న అడుగుతాను: రాత్రి ఎనిమిదింటికి ఇది ఆగిపోతే మీ ఊళ్ళో ఎవరికి ఫోన్ చేస్తారు? మైక్రోటిక్ తెలిసిన కుర్రాడు ఒంగోల్లో మీకు పది నిమిషాల దూరంలో ఉంటే నిశ్చింతగా అదే పెట్టండి. పెట్టిన మనిషి హైదరాబాద్ పోయి ఫోన్ ఎత్తడం మానేస్తే మీకు మిగిలేది పాస్‌వర్డ్ తెలియని పెట్టె. అట్టాంటప్పుడు ఈఆర్605 మేలు, యూట్యూబ్ చూసి మీ అకౌంటెంటయినా సరిచేయగలడు.

రెండు కనెక్షన్ల సంగతిలో ఒక విషయం జనానికి తట్టదు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసులో రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్ తీసుకున్నారు, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని ధైర్యం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిందా, ఇక్కడ ఒక స్తంభం ఒరిగింది, రెండు ఫైబర్లూ ఆ స్తంభం మీదే. మన దగ్గర ఫైబర్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే పోతుంది, కంపెనీలు వేరైనా స్తంభం ఒకటే. కాబట్టి రెండోది ఫైబర్ కాకుండా 4జీ లేదా 5జీ సిమ్ రౌటర్ పెట్టుకోండి, స్పీడ్ తక్కువైనా బిల్లింగ్‌కి చాలు. ఇంకోటి, మారడం ఎప్పుడు జరగాలో రౌటర్‌కి చెప్పేటప్పుడు పక్కనున్న ఫైబర్ బాక్స్‌కి పింగ్ పెట్టొద్దు, బాక్స్ ఎప్పుడూ జవాబిస్తుంది, దాని వెనక నెట్ చచ్చినా ఇస్తుంది. 8.8.8.8 లాంటి బయటి అడ్రస్‌కి పెట్టండి. పెట్టాక మెయిన్ కేబుల్ పీకి చూడండి, మారిందా లేదా అని. పీకకుండా "సెట్ చేశాను సార్" అనేవాడికి డబ్బులివ్వొద్దు.

రౌటర్ తప్పు కానిదానికి రౌటర్‌ని తిట్టే ఉదాహరణ ఇంకోటి చెప్పి ముందుకెళ్తాను. ఒంగోలు కర్నూలు రోడ్డులో ఒక టైల్స్ షాపు, నెట్టూ లేదు ప్రింటరూ లేదు, రెండు రోజుల్లో రెండు రౌటర్లు మార్చారు. నేను పోయేసరికి స్విచ్ మీద లైట్లన్నీ ఒకేసారి పిచ్చెక్కినట్టు మిణుకుతున్నాయి. దసరాకి దుమ్ము దులిపినప్పుడు వేలాడుతున్న కేబుల్ చివర చూసి ఎవరో పాపం మంచి మనసుతో ఖాళీ పోర్టులో గుచ్చారు, దాని రెండో చివర కూడా అదే స్విచ్‌లో ఉంది. లూప్. అట్టా లైట్లన్నీ కలిసి కొట్టుకుంటుంటే కేబుళ్ళు ఒక్కొక్కటే పీకుతూ రండి, ఏది పీకినప్పుడు శాంతిస్తుందో అదే దొంగ.

రొయ్యల గుంటల మీద

ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు ఇప్పుడు గుంటల మీద కెమెరాలు, నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ ఆగితే ఫోన్‌కి చెప్పే పెట్టెలు అందరూ అడుగుతున్నారు. ఏరేటర్ రాత్రిపూట ఆగితే తెల్లారేసరికి రొయ్యలకి ఏమవుతుందో రైతుకి నేను చెప్పాల్సిన పనిలేదు, కాబట్టి ఇక్కడ నెట్ అనేది సినిమా చూడటానికి కాదు.

లాన్ కేబుల్ 100 మీటర్లకి మించి వేయొద్దు. వేశాను, నడుస్తోంది అనేవాళ్ళు ఉంటారు, వానాకాలం దాకా ఆగి అడగండి. షెడ్డు నుంచి షెడ్డుకి బయట లాగిన లాన్ కేబుల్ పిడుగు పడినప్పుడు దగ్గర్లో పడినా చాలు, రెండు చివరలా ఉన్నవాటిని కాల్చేస్తుంది. దూరం తక్కువై గట్టు వెంబడి పైపు వేసే వీలుంటే ఫైబర్ వేసి రెండు చివరలా ఫైబర్‌ని లాన్ కేబుల్‌కి కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టడం అన్నింటికన్నా మంచిది, గాజు తీగలో పిడుగు కరెంటు ప్రయాణించదు. కాకపోతే ఇనుప తీగ లేని ఫైబర్ తీసుకోవాలి.

దూరం ఎక్కువైతే 5 గిగాహెర్ట్జ్ బయటి రేడియోల జత, ఇటొకటి అటొకటి. యూబిక్విటీ, మైక్రోటిక్, టీపీ-లింక్ మూడింటిలోనూ ఉన్నాయి, కిలోమీటరు రెండు కిలోమీటర్లు వాటికి ఆట. కానీ కంటికి కంటికి కనపడాలి, కనపడటమే కాదు, మధ్య దారికి చుట్టూ కొంత ఖాళీ ఉండాలి. ఎండాకాలం పెట్టినప్పుడు బాగానే ఉంటుంది, వానలకి మధ్యలోని తాటాకులు తడిసి ఊగడం మొదలయ్యాక తెలుస్తుంది అసలు కథ. స్తంభం ఇంకో పది అడుగులు ఎత్తు వేయండి, అక్కడ పొదుపు చేయొద్దు. ఉప్పుగాలికి మామూలు ఇనుప క్లాంపులు ఏడాది తిరక్కుండా తుప్పు పడతాయి, గాల్వనైజ్డ్‌వి అడగండి. ఇంకో జాగ్రత్త, కొన్ని రేడియోలకి 24 వోల్టుల ప్యాసివ్ పీఓఈ (లాన్ కేబుల్ మీదే కరెంటు పంపడం), కొన్నింటికి 48 వోల్టుల స్టాండర్డ్ పీఓఈ. అడాప్టర్లు చూడటానికి ఒకేలా ఉంటాయి. తారుమారు చేస్తే రేడియో వెలగకపోవచ్చు, కాలిపోనూ వచ్చు.

మూడు నాలుగు గుంటలు దూరదూరంగా, మధ్యలో చెట్లు, స్తంభాలు వేసే ఓపిక లేదు అంటే ఒక్కోచోట ఒక సిమ్ రౌటర్ పెట్టేయండి. అక్కడికి పోయి ముందు మీ ఫోన్లో ఏ సిమ్‌కి సిగ్నల్ బాగుందో చూసుకుని ఆ సిమ్మే కొనండి, నెల్లూరులో బాగున్న సిమ్ గట్టు మీద మూగబోవచ్చు. ఏరేటర్ అలారానికి డేటా మీదే ఆధారపడకుండా నేరుగా ఫోన్ కాల్ చేసే పెట్టె తీసుకుంటే ఇంకా నిద్ర పడుతుంది.

సర్వర్: మూలనున్న పాత కంప్యూటరా, మినీ పీసీనా, ఎన్ఏఎస్సా

చిన్న కొట్టులో సర్వర్ అంటే ట్యాలీ (లెక్కలు రాసే ప్రోగ్రామ్) డేటా, స్కాన్ చేసిన బిల్లులు, ఇంతే. "పాత డెస్క్‌టాప్ ఉంది కదా" అని దాన్నే వాడతారు. 70 వాట్లు లాగే పెట్టె రోజంతా నడిస్తే 1.68 యూనిట్లు, నెలకి 50 యూనిట్లు దాటుతుంది. పెద్ద కంపెనీల ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ మినీ పీసీలు, అరచేతికి కొంచెం పెద్దగా ఉండేవి, ఖాళీగా ఉన్నప్పుడు 12 వాట్ల చుట్టూ లాగుతాయి, నెలకి తొమ్మిది యూనిట్ల లోపు. ఎస్ఎస్‌డీ వేసి వాడండి. నా ఓటు దీనికే. కాకపోతే విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది, కాబట్టి విండోస్ 11 ఎక్కే ప్రాసెసర్ ఉందో లేదో చూసుకునే కొనండి.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ గురించి కుర్రాళ్ళు అడుగుతుంటారు. ప్రకటనలు ఆపే డీఎన్ఎస్‌కి, చిన్నచిన్న ప్రయోగాలకి బంగారం. ట్యాలీకి కాదు, అది విండోస్ ప్రోగ్రామ్. మెమరీ కార్డు మీద రోజంతా రాతకోతలు నడిపితే కార్డు పోతుంది, ఎప్పుడు పోతుందో చెప్పిపోదు.

రెండు డిస్కుల ఎన్ఏఎస్, అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్ళు దాచే పెట్టె, సైనాలజీ లాంటిది, ఫైళ్ళు ఎక్కువగా ఉండే చోట బాగుంటుంది: ఫోటో స్టూడియో, ఆడిటర్ ఆఫీసు. కానీ రెండు డిస్కుల్లో ఒకటే ఉంటుంది కదా అదే బ్యాకప్ అనుకోకండి. ఒక డిస్కు చెడిపోతే కాపాడుతుంది, మీరు పొరపాటున ఫోల్డర్ చెరిపేస్తే రెండింట్లోనూ శ్రద్ధగా చెరిపేస్తుంది. శనివారం శనివారం ఒక బయటి డిస్కుకి కాపీ చేసి ఇంటికి పట్టుకుపోండి.

ట్యాలీ లైసెన్సుల్లో సిల్వర్ ఒక కంప్యూటర్‌కే, గోల్డ్ ఒకే లాన్‌లోని అందరికీ. సర్వర్, ఎంట్రీలు కొట్టే కంప్యూటర్లు వైరు మీదే ఉండాలి, వైఫై మీద రాస్తుండగా తెగితే డేటా పాడయ్యే భయం ఉంది. సర్వర్‌కి అడ్రస్ మారకుండా రౌటర్లో రిజర్వ్ చేయండి, "నిన్న కనపడింది ఈరోజు కనపడట్లేదు" అనే ఫోన్లు సగం దాంతోనే ఆగిపోతాయి.

ఇంటినుంచి ట్యాలీ చూడాలని చాలామంది రౌటర్లో 3389 పోర్టు, అంటే కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ దారి, తెరిచి పెడతారు. దయచేసి వద్దు. తెరిచిన గంటల్లోనే ఎక్కడెక్కడివాళ్ళో పాస్‌వర్డులు ప్రయత్నించడం మొదలుపెడతారు. 2017 మేలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ విండోస్ ఫైల్ షేరింగ్‌లోని పాత ఎస్ఎంబీ లోపం పట్టుకుని ప్రపంచమంతా పాకింది, అది వేరే పోర్టే గానీ బయటికి తెరిచి ఉండటమే దానికీ దారి. ఒంగోల్లో నాకు తెలిసిన ఒక షాపు మూడేళ్ళ లెక్కలు తాళం పడిపోయాయి, వాళ్ళ దగ్గర బ్యాకప్ కూడా అదే కంప్యూటర్‌కి తగిలించిన డిస్కులో ఉంది, అదీ తాళమే. పైగా ఇప్పుడు చాలా కనెక్షన్లలో పోర్టు తెరిచినా పనిచేయదు, రౌటర్లో కనిపించే వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు, ఒకే బయటి అడ్రస్‌ని చాలామంది పంచుకుంటున్నారన్నమాట. అప్పుడు టైల్‌స్కేల్ లాంటి వీపీఎన్ వేసుకోండి, పోర్టులేవీ తెరవక్కర్లేదు. నెట్ వాళ్ళ దగ్గర స్టాటిక్ ఐపీ (మారని బయటి అడ్రస్) కొనుక్కున్నవాళ్ళయితే సొంతంగా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోవచ్చు, వేగంగా ఉంటుంది, మైక్రోటిక్ కొత్త వెర్షన్ 7లో అది లోపలే ఉంది.

కరెంటు

ఇన్వర్టర్ ఉంది కదా, ఇంకేం కావాలి అంటారు. ఇన్వర్టర్ మారేటప్పుడు పట్టే క్షణం పాటు కొన్ని రౌటర్లు ఆరిపోయి మళ్ళీ లేస్తాయి, ఫైబర్ బాక్స్ లేచి లైన్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు. వేసవిలో మన దగ్గర కరెంటు రోజుకి ఎన్నిసార్లు రెప్పలు కొడుతుందో మీకు తెలుసు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటే అటు తిప్పండి, ముందు అదే చాలేమో చూడండి. చాలకపోతే 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద చదవండి, కొన్నింటికి 9 వోల్టులు, కొన్నింటికి 12, ఆంపియర్లు 1 ఉంటాయి, 1.5 ఉంటాయి, 2 ఉంటాయి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకన్నా ఎక్కువ ఉన్నా ఫరవాలేదు. రౌటరూ ఫైబర్ బాక్సూ వేర్వేరుగా ఉంటే రెండింటి ఆంపియర్లూ కూడండి. సర్వర్‌కి మాత్రం మామూలు యూపీఎస్సే పెట్టండి, బ్యాటరీ తగ్గినప్పుడు కంప్యూటర్‌ని తనే సరిగ్గా ఆపే యూఎస్‌బీ వైరు ఉన్నది.

రెండు నెలలకోసారి రౌటర్ ఆరి వెలుగుతుంటే, అడాప్టర్ పట్టుకుంటే చెయ్యి కాలుతుంటే, రౌటర్ కాదు అడాప్టర్ పోయేట్టుంది. అదీ రెండొందల్లో తేలే పని.

ఇక నాకు ఫోన్ చేసేవాళ్ళు ముందు మూడు ఫోటోలు పంపండి: ఫైబర్ బాక్స్ లైట్లు, రౌటర్ పేజీలో వాన్ ఐపీ, అడాప్టర్ మీద రాత. ఏ రౌటర్ కొనాలో ఆ తర్వాత మాట్లాడుకుందాం.